వెనుక సీటు లేని బండి

బోధన్,
12 నవంబరు 1966

అక్క రుక్మాబాయికి దేవిదాస్ దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వ మోకాళ్ళు పట్టుకుని గొణుగుతూ ఉంది, అంటే బాగున్నట్టే. ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైంది. చెరుకు బండ్లు గేటు దగ్గర నుంచి రోడ్డు పొడుగునా బారు కట్టాయి. ఈసారి మన చెరుకు మంచి దిగుబడి ఇచ్చింది. నిరుటి డబ్బుకు ఇది కలిస్తే చేతిలో కొంత ఆడుతుంది. నీ మరదలు గంగమణి బంగారం అంటోంది. అవ్వ ఇంకో రెండెకరాలు అంటోంది. నేను ఏమంటున్నానో నీకొక్కదానికే రాస్తున్నాను.

నాకు కారు కావాలి.

నవ్వు ఆపుకుని చదువు. అంబాసిడర్ కాదు. టాపు వెనక్కి మడిచేసే విలాయతీ రేసు కారు. నీకు జ్ఞాపకం లేకపోవడం ఎట్లా! పదిహేనేళ్ళ కింద వర్ని రోడ్డు మీద, చెరుకు బండ్ల చక్రాలు తొక్కి చేసిన గాడిలో ఒక పచ్చ జాగ్వార్ కడుపు ఆనించి కూర్చుండిపోయింది. నవాబు గారు ముక్కుకు రుమాలు పెట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. డ్రైవరు మాత్రం బూట్లు విప్పి, పాంటు మడిచి, మన బాపుతో పాటు బురదలో దిగాడు. మన ఎడ్లను కట్టి లాగితే కారు బయటపడింది. ఆ డ్రైవరు మన ఇంట్లో చేతులు కడుక్కుని, జొన్నరొట్టె తిని, తనది జక్రాన్‌పల్లి అన్నాడు. బాపు ఆ నెలలోనే జక్రాన్‌పల్లి పోయి నీ సంబంధం ఖాయం చేసుకుని వచ్చాడు. నీకు మొగుడు దొరికాడు, నాకు బావ దొరికాడు. కారు మాత్రం దొరకలేదు. స్టీరింగు మీద చెయ్యి వేశానని నవాబు గారు ముట్టుకోవద్దు, ‘హాత్ మత్ లగావ్’ అన్నారు. ఆ మాట నా చెవిలోంచి ఇంకా పోలేదు.

నవాబు గారి దేవిడీలో ఒక్కొక్క సామానే అమ్ముతున్నారని విన్నాను. ఆ పచ్చ బండి ఇంకా ఉందా? ఉంటే ఎంతకిస్తారు? లేకపోతే అలాంటిదే ఇంకొకటి చూడండి. బండి సంగతి బావకంటే తెలిసినవాళ్ళు హైదరాబాదులో ఎవరున్నారు?

నీ తమ్ముడు
దేవిదాస్

హైదరాబాద్,
25 నవంబరు 1966

తమ్ముడు దేవిదాసుకు అక్క దీవెనలు.

జాతరలో మట్టి గుర్రం కొనివ్వలేదని దారి పొడుగునా దొర్లిన తమ్ముడివి కదా, ముప్పై దాటినా ఏం మారలేదు. నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వొద్దని రాశావు కనక కాసేపు ఆగి నవ్వాను.

పచ్చ బండి ఉంది. కానీ దాని మీద ఆశ పెట్టుకోకు. ఇంజను పోయింది, స్టార్టు కాదు. షెడ్డులో ఉత్త రేకు పడి ఉంది. పోనీ బాగు చేయించావనుకో, దానికి వెనుక సీటు అన్నదే లేదు. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. నీ పక్కన గంగమణి కూర్చుంటే అవ్వ ఎక్కడ కూర్చోవాలి? టాపు మీదనా? టాపు కూడా లేదాయె. నేల నుంచి జానెడు ఎత్తు కూడా ఉండదు. మన రోడ్ల గాడి సంగతి నువ్వే రాశావు.

నీ మాట తీసెయ్యలేక ఇంకో బండి చూశాం. సికింద్రాబాదులో ఒక రిటైర్డు కర్నల్ గారిది, ఎర్రది. ఎనిమిది వేలు చెప్పాడు. మీ బావ దాని కింద దూరి, చాలాసేపటికి బయటికి వచ్చి, “పైన రంగుంది, కింద బండి లేదు” అన్నాడు. సీటు కింద కోడి పొదుగుతోంది. కర్నల్ గారి భార్య మంచి మనిషి. బావ బండి చూస్తున్నంతసేపు నేను ఆమెతో మాట్లాడుతూ కూర్చున్నాను.

అన్నట్టు, కారు కొంటే నడిపేది ఎవరు? నువ్వు నేర్చుకున్నావా?

మీ అక్క
రుక్మాబాయి

బోధన్,
10 డిసెంబరు 1966

అక్కకు దండాలు.

కోడి పొదిగే కారు వద్దు. ఇంట్లో కోళ్ళు చాలానే ఉన్నాయి.

పచ్చ బండి అట్లా అయిపోయిందంటే నాకు అన్నం సయించలేదు. బావ చేతిలో ఉన్న బండి రేకు ఎట్లా అయింది? అయితే అయింది. వేరేది చూడండి. పన్నెండు వేల దాకా పెడతాను. అవ్వ ఎక్కడ కూర్చుంటుందంటావు, ఆమెను అడిగితే “నాకు ఎడ్లబండే మంచిగుంటది, నీ కారుల నడుం ఇరుగుతది” అన్నది. ఆ సమస్య తీరింది.

ఎందుకురా ఇంత పిచ్చి అని నువ్వు అడగకముందే చెబుతాను. ఈ రోడ్డు మీద మనం నడిచి బడికి పోయినప్పుడు ఏ కారు హారను మోగినా గట్టు దిగి చెరుకులో నిలబడేవాళ్ళం. దుమ్ము అణిగాక మళ్ళీ ఎక్కేవాళ్ళం. ఆ రోడ్డు మీద ఒక్కసారి, నలుగురు చూస్తుండగా, టాపు తీసిన కారులో పోవాలి నాకు. ఎవరూ గట్టు దిగే పనిలేకుండా మెల్లగా పోతాను. ఇంతే.

ధరల సంగతి నాకు అర్థం కావడం లేదు. నిజామాబాదులో ఒకాయన నాలుగేళ్ళ అంబాసిడర్‌ను కొన్నదానికంటే ఎక్కువకు అమ్మాడు. రేసు కార్లకేమో ధర పడిపోయిందంటారు. బావను అడిగి రాయి.

నీ తమ్ముడు
దేవిదాస్

హైదరాబాద్,
4 జనవరి 1967

తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరంలో గట్టు దిగిన మాట చదివి నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. నీ చెయ్యి పట్టుకుని చెరుకులోకి లాగేది నేనే కదా. నువ్వు రానని మొండికేసేవాడివి.

మీ బావ చెప్పింది రాస్తున్నాను: “కొత్త అంబాసిడర్ కావాల్నంటె ఏండ్లకేండ్లు లైన్ల నిలబడాలె. గందుకె పాతదానికి గిరాకి. రేసు బండికేమో ఇప్పుడు విలాయతి నుంచి సామాను రాదు, పెట్రోలు తాగుతది, ఇద్దరికంటె కూసోరాదు. షోకు ఉన్నోనికి పైసల్లేవు, పైసలున్నోనికి షోకు లేదు. ధర పడదా మరి?” మా తమ్ముడికి రెండూ ఉన్నాయని నేనన్నాను. బావ నవ్వాడు. ఈ మధ్య ఆయన నవ్వడం తక్కువ.

మలక్‌పేటలో పందెపు గుర్రాలాయన తెల్ల కారు కూడా చూశాం. ఇరవై రెండు వేలట. బండి బాగుందట, ధరే బాగాలేదు. ఆయన గుర్రాల పేర్లు, అవి గెలిచిన కప్పులు అన్నీ చూపించాడు. డ్రైవరు ఉన్నాడా అని నేనే అడిగాను. ముగ్గురున్నారన్నాడు.

నిన్న బావ బేగం సాబ్‌ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయి పొద్దుగూకినాక వచ్చాడు. ఆమెకు ఆయాసం. నవాబు గారు మంచం దిగడం లేదు.

నడిపేది ఎవరని అడిగాను. దానికి మాత్రం నువ్వు జవాబు రాయలేదు.

మీ అక్క
రుక్మాబాయి

బోధన్,
20 జనవరి 1967

అక్కా,

నిజామాబాదు నుంచి ఆత్మారాం అని ఒక కార్ల బ్రోకరు నిన్న మన ఇంటికి వచ్చాడు. హైదరాబాదు పోయి దేవిడీలో పచ్చ జాగ్వార్ కళ్ళారా చూసి వచ్చాడట. అతని మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “పెద్ద కారు నిరుడే అమ్మేసిండ్రు పటేలా. ఉన్నది గిదొక్కటే. ఒక్క ముట్టుకు స్టార్టయితది. ఆ డ్రైవరు పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటడు. పది వేలకు ఇస్తమంటున్నరు, తొమ్మిదిన్నరకు తెస్త.”

మరి బేగం సాబ్ డాక్టరు దగ్గరికి ఏ బండిలో పోయింది అక్కా? స్టార్టు కాని రేకులోనా?

నాకు ఒక్కటే తోస్తోంది. నవాబు గారి బండిలో నీ తమ్ముడు కూర్చోవడం నీకు ఇష్టం లేదు. చెరుకు నరికే చేతులతో దాన్ని ముట్టుకోవద్దని నువ్వు కూడా అంటున్నావు. ఆయన అంటే పరాయివాడు, ఒక్క మాటతో పోయింది. నువ్వు అంటే ఎట్లా? కర్నల్ కోళ్ళ కారు చూపించి, గుర్రాలాయన కప్పులు చూపించి, రెండు నెలలు నన్ను ఆడించావు.

వచ్చేవారం ఆత్మారాంకు బయానా ఇస్తున్నాను.

దేవిదాస్

హైదరాబాద్,
27 జనవరి 1967

తమ్మీ,

అబద్ధం చెప్పాను. మళ్ళీ చెప్పాల్సి వచ్చినా చెబుతాను. కానీ నువ్వు రాసిన కారణానికి సిగ్గుపడాల్సింది నేను కాదు, దాన్ని మోసుకొచ్చిన ఆ కాగితమే.

పోయిన దసరాకు బేగం సాబ్ మీ బావను పిలిచి, బండి ఉన్నన్నాళ్ళు నువ్వుండు బాలనర్సయ్యా, అది పోయినాక నీ దారి నువ్వు చూసుకో అన్నది. ఆమె చెడ్డది కాదు. జీతం ఎక్కడ నుంచి తెచ్చి ఇస్తుంది? మేముంటున్న ఈ రెండు గదులూ షెడ్డును ఆనుకునే ఉన్నాయి. బండితో పాటు అవీ పోతాయి. నలభై దాటిన డ్రైవరుకు కొత్త కొలువు ఎవరిస్తారు? కర్నల్ గారి ఇంటికి, గుర్రాలాయన ఇంటికి నేను నీ కారు కోసమే పోలేదు. మీ బావ బండి కింద దూరితే, నేను ఇంట్లోవాళ్ళను డ్రైవరు కావాలా అని అడిగాను. ఆయనకు ఆ సంగతి తెలియదు. నువ్వు పచ్చ బండి అడిగిన సంగతి కూడా తెలియదు. తెలిస్తే తనే తుడిచి నీ చేతికి తాళం ఇస్తాడు, తన కొలువు పోతుందని ఒక్క మాట అనడు. అదే నా భయం.

పదిహేనేళ్ళు ఆయన ఆ బండిని చూసుకున్నాడు. పిల్లలు లేని ఇంట్లో పొద్దున్నే లేచి చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. బోధన్ వచ్చి నీ ఇంట్లో ఉండమంటావని కూడా తెలుసు. బామ్మర్ది ఇంట్లో కూర్చుని తినే మనిషి కాదని నీకూ తెలుసు.

ఇప్పుడు చెప్పు, నేను నిజం ఎట్లా రాయాలి?

అక్క

బోధన్,
6 ఫిబ్రవరి 1967

అక్కా,

నా ఉత్తరం చింపెయ్యి. చింపేశావా? సరే.

నీ ఉత్తరం పొలం గట్టు మీద కూర్చుని చదివాను. గంగమణి అన్నం తెచ్చి, నా మొహం చూసి, ఎవరు పోయారని అడిగింది.

దీనికి ఇంత ఏడుపు ఎందుకు? బండి నేను కొంటాను, బావ బండితో పాటు వస్తాడు. ఎవరి కొలువూ పోదు! ఇవాళే బావకు విడిగా ఉత్తరం రాసి పోస్టు చేశాను. జీతం నెలకు నూట యాభై, ఏడాదికి రెండు జతల బట్టలు, మన ఇంటి పక్క కొట్టం బాగు చేయించి ఉండడానికి ఇస్తానని రాశాను. దేవిడీలో ఇచ్చేదానికంటే ఎక్కువే. ఆత్మారాంకు బయానా కూడా ఇచ్చేశాను. తొమ్మిదిన్నరకు ఖాయం.

ఇంత తేలిక సంగతి ముందే రాసి ఉంటే ఇద్దరికీ ఈ బాధ తప్పేది కదా. నాకు నిన్నటి నుంచి కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

నీ తమ్ముడు
దేవిదాస్

హైదరాబాద్,
15 ఫిబ్రవరి 1967

దేవిదాసూ,

నీ బుద్ధి ఎక్కడ పెట్టి మరిచిపోయావురా?

మీ బావ నీ ఉత్తరం చదివాడు. మడిచాడు. నా చేతికిచ్చి, “మీ తమ్ముడు నాకు రెండు జతల బట్టలు కుట్టిస్తడట” అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కోపం వచ్చి నాలుగు తిట్టినా బాగుండేది.

నా పెళ్ళిలో బాపు ఇత్తడి పళ్ళెంలో ఆయన కాళ్ళు కడిగాడు. నీళ్ళు పోసింది నువ్వే. ఆ కాళ్ళకు నెల జీతం కడతావా? నవాబు గారికి సలాం కొడితే అది కొలువు. నీ కారు తలుపు తీసి పట్టుకుని నిలబడితే అది ఏమవుతుంది? మీ ఊరివాళ్ళు చూసి ఏమంటారు? నువ్వు ప్రేమతోనే రాశావు, నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. అందుకే మరీ బాధ.

బొంబాయి పోతాడట. అక్కడ లారీల కంపెనీలో జక్రాన్‌పల్లి వాళ్ళెవరో ఉన్నారట. ముందు తను పోయి, గది దొరికాక నన్ను పిలుస్తాడట. ట్రంకు పెట్టె కిందికి దించాడు. బండిని మాత్రం రోజూ ఇంకా ఎక్కువసేపు తుడుస్తున్నాడు, నీకు అప్పగించాలి కదా.

నాకేం రాయాలో తోచడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. చేసేముందు అవ్వను అడుగు.

అక్క

బోధన్,
24 ఫిబ్రవరి 1967

పూజ్యులు బావ బాలనర్సయ్య గారికి, బామ్మర్ది దేవిదాస్ కాళ్ళు మొక్కి రాస్తున్నది.

అవ్వకు చెప్పాను. చేట విసిరేసింది. “మీ బాపు కాళ్లు కడిగిన మనిషికి నువ్వు నెలకింతని కట్టిచ్చినవా? నా కొడుకు సదువుకున్నడని సంబురపడితిరా” అన్నది. గంగమణి రెండు రోజులు అన్నం పెట్టి మాట్లాడకుండా పోయింది. అన్నీ నాకు రావలసినవే. జీతం మాట వెనక్కి తీసుకుంటున్నాను. బట్టల మాట కూడా.

బావా, ఇన్ని రోజులు నేనూ ఒకటి దాచాను. అక్క రెండుసార్లు అడిగినా దాటేశాను. నాకు కారు నడపరాదు. నిరుడు పక్క పొలం భీమన్న జీపు స్టీరింగు పట్టుకుని తిన్నగా చెరుకులోకి పోనిచ్చాను. తోట మధ్యదాకా పోయి ఆగింది. అతను ఇప్పటికీ ఆ చెరుకు లెక్క అడుగుతాడు. నడపరానివాడు పది వేలు పెట్టి రేసు కారు కొంటున్నాడని ఎవరికైనా ఎట్లా చెప్పేది?

ఆ బండి వద్దనడానికి అక్క ఒక లోపం రాసింది, వెనుక సీటు లేదని. బ్రోకరు కూడా అందుకే ధర తగ్గిందన్నాడు. ఈ వారమంతా నేను దాని గురించే ఆలోచించాను. కొలువు ఇచ్చేవాడు కూర్చునేది వెనుక సీట్లోనే కదా. ఈ బండిలో ఆ చోటే లేదు. ఒకరు నడపాలి, ఒకరు పక్కన కూర్చోవాలి. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను. ఏ పెళ్ళికి పోయినా బావ, బామ్మర్ది కూర్చునేది అట్లాగే. తలుపు నాది నేనే తీసుకుంటాను. మీకు ఓపిక ఉంటే నాకు నేర్పండి. నేను చెరుకులోకి పోనిస్తే తిట్టండి, మీకు ఆ హక్కు ఉంది.

బతుకు మాట వేరే. వర్ని రోడ్డు మలుపులో అర ఎకరం బాపు అక్కకు పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. మీరు అత్తగారి సొమ్ము ముట్టనని పదిహేనేళ్ళు దాన్ని బీడు పెట్టారు. చెరుకు లారీలు, ట్రాక్టర్లు రోజూ ఆ మలుపులోనే చెడి ఆగుతున్నాయి. బాగు చేసేవాడు నిజామాబాదు నుంచి రావాలి. అక్కడ మీ పేరుతో ఒక షెడ్డు లేస్తే నాలాంటివాళ్ళు పది మంది మీ గుమ్మంలో నిలబడతారు. ఆ భూమి నాది కాదు. మీది కూడా కాదు, కాదనడానికి. అది అక్కది. ఆమెను అడగండి.

బొంబాయి పోతే పొండి, మీ ఇష్టం. కానీ ట్రంకు పెట్టె సర్దేముందు నా తప్పు మన్నించండి.

మీ బామ్మర్ది
దేవిదాస్

హైదరాబాద్,
9 మార్చి 1967

తమ్ముడు దేవిదాసుకు అక్క దీవెనలు.

మీ బావ నీ ఉత్తరం రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. భీమన్న చెరుకు దగ్గర నవ్వాడు, నేను తలుపు సందులోంచి చూశాను. మూడో రోజు అన్నం తింటూ, “ఆ మలుపుల నీళ్లు నిలుస్తయా? షెడ్డు ఎత్తుల కట్టాలె” అన్నాడు. ట్రంకు పెట్టె ఎప్పుడు పైకి ఎక్కిందో నాకు తెలియదు.

నిన్న ఆత్మారాం మిగతా డబ్బు బేగం సాబ్‌కు ఇచ్చాడు. ఆమె నవాబు గారి మంచం కిటికీ దగ్గరికి జరిపించి, ఒక్కసారి ఆయనకు కనబడేటట్టు బండిని తిప్పమన్నది. బావ షెడ్డులోంచి బండి తీసి, నా ముందు ఆపి, “ఎక్కు” అన్నాడు.

తమ్మీ, ఆ బండి మీద కప్పే గలేబు నేను కుట్టాను. అద్దాలు తుడిచాను. దీపావళికి దాని ముందు దీపం పెట్టాను. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. తలుపు మీద చెయ్యి వేసి నిలబడిపోయాను, ఎవరో వద్దంటారేమోనని. బావ అన్నాడు, “మన దేవిదాస్ బండే. కూసో. తలుపు గట్టిగ గుంజు.”

దేవిడీ చుట్టూ తిప్పాడు. గేటు దాటాడు. టాంక్‌బండు మీద గాలికి నా కొంగు నిలవలేదు. నేను ఏడ్చాను. ఆయన చూసి కూడా చూడనట్టు గేరు మార్చాడు. నవాబు గారు కిటికీలోంచి చెయ్యి ఎత్తారని తిరిగొచ్చాక బేగం సాబ్ చెప్పింది.

వచ్చే సోమవారం బయలుదేరుతున్నాం. సామాను లారీలో వేస్తాం. “వర్ని రోడ్డు గాడి పూడ్చిండ్రా, గట్లనే ఉందా? ఎందుకైన మంచిది, ఎడ్లను కట్టి ఉంచుమను బామ్మర్దిని” అని బావ రాయమన్నాడు. అవ్వతో జొన్నరొట్టెలు చేయించు.

బండిలో పోదామని నువ్వు ఆదివారం ఇక్కడికి వస్తున్నావని ఆత్మారాం చెప్పాడు. రా, కాగితాల మీద సంతకాలు చెయ్యి. కానీ తిరిగి పోయేటప్పుడు నీకు చోటు లేదు. ఉన్నవి రెండే సీట్లని నువ్వే రాశావు. ఒకటి మీ బావది, ఒకటి నాది.

నువ్వు బస్సులో పో తమ్మీ. చార్జీ నేనిస్తాను.

మీ అక్క
రుక్మాబాయి